రెండు సముద్రాల దీవిలో ఒక గొంతు కోసం

రాస్ తనూరా, పొగమంచు

ఫిబ్రవరిలో కొన్ని ఉదయాలు మేముండే సౌదీ ఊరు రాస్ తనూరా మీదికి సముద్రంలోంచి పొగమంచు వచ్చి కూర్చుంటుంది. రిఫైనరీ గొట్టాలు కనిపించవు. వాటి కొసన మండే మంటలు మాత్రం గాలిలో వేలాడుతున్న నారింజ రంగు మరకల్లా కనిపిస్తాయి. అలాంటి ఒక ఉదయం మేం బహ్రెయిన్‌కి బయలుదేరాం. నిజం చెప్పాలంటే బహ్రెయిన్‌కి కాదు, బహ్రెయిన్ గుమ్మం దాకా.

మా అత్తయ్య సుగుణమ్మ బాపట్ల నుంచి విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. ఆ వీసా మీద వచ్చినవాళ్ళు మూడు నెలలకోసారి దేశం దాటి మళ్ళీ లోపలికి రావాలి. ఇక్కడి తెలుగు కుటుంబాలన్నిటికీ అలవాటైన పనే. సముద్రం మీది వంతెన ఎక్కి, అవతలి దేశంలో ముద్ర వేయించుకుని, కారు తిప్పుకుని భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తారు. బహ్రెయిన్‌ని అలా చూసినవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు. ఎలా ఉందని అడిగితే, పాస్‌పోర్టు కౌంటరు శుభ్రంగా ఉందంటారు.

మా ఆయన సుధీర్‌కి ప్లాంటులో షట్‌డౌన్ పనులు, సెలవు దొరకలేదు. బహ్రెయిన్ వీసాలు కూడా తనే తీసిపెట్టి, ఖాదర్ భాయ్ కారు మాట్లాడాడు. ఖాదర్ భాయ్‌ది రాయచోటి. ఇక్కడ కారు నడపడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. దేని గురించి అడిగినా తడుముకోకుండా జవాబు చెబుతాడు. అందులో సగం తప్పు. అయినా వినాలనిపించేలా చెబుతాడు.

అత్తయ్య చేతిలో ఒక గుడ్డ సంచి ఉంది. అందులో మడతపెట్టిన రెండు చీరలు కనిపించాయి.

"మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా, చీరలెందుకత్తయ్యా?" అన్నాను.

"దారిలో అవసరమవుతాయేమోనమ్మా" అంది, మంచులోకి చూస్తూ.

కతీఫ్ దాటుతుంటే రోడ్డుకి రెండు పక్కలా ఖర్జూరపు తోటలు. మంచులో చెట్ల మొదళ్ళు కనిపించక, తలలొక్కటే తేలుతున్నాయి. ఆ దారి పొడుగునా అత్తయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఒకప్పుడు గల్ఫులో నర్సుగా చేసిందని నాకు తెలుసు. ఎక్కడ, ఎప్పుడు అని నేనెప్పుడూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

వంతెన మధ్య

వంతెన ఎక్కాక నేల అన్నది ఉండదు. అటూ ఇటూ పాలలో ఆకుపచ్చ కలిపినట్టు నీళ్ళు. నీరు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కారు కదులుతోందో, మంచే వెనక్కి జరుగుతోందో అనిపించింది. వంతెన మధ్యలో ఒక దీవి కట్టారు. రెండు దేశాల అధికారులూ అక్కడే కూర్చుంటారు. ముద్రలు పడ్డాయి. ఖాదర్ భాయ్ కారు తిప్పే దారి వైపు ఇండికేటరు వేశాడు.

"తిప్పకు నాయనా" అంది అత్తయ్య. "లోపలికి పోనీ."

ఖాదర్ భాయ్ అద్దంలోంచి నన్ను చూశాడు. నేను అత్తయ్యని చూశాను.

"ఈ వంతెన కట్టకముందు నేను బహ్రెయిన్‌లో పనిచేశాను శాంతీ" అంది ఆవిడ. "అప్పుడు లతీఫా అని ఒక పిల్ల మా వార్డుకి వచ్చింది. రేడియోలో వార్తలు చదివేది. గొంతులో గడ్డ తీశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. గాలి తప్ప మాట వచ్చేది కాదు. నా డ్యూటీ అయ్యాక దాని మంచం పక్కన కూర్చుని పేపరు చదివించేదాన్ని. ఒక ఊపిరికి ఒక వరస. రోజూ అంతే. ఈలోగా నా కాంట్రాక్టు అయిపోయింది, పెళ్ళి కుదిరింది, వెళ్ళిపోయాను. మళ్ళీ చదివిందో లేదో నాకు తెలియదు."

"ఇన్నేళ్ళ నుంచీ ఇదే అనుకుంటున్నారా?"

"రోజూ కాదులే. రేడియో వినబడినప్పుడు."

సుధీర్‌కి ఫోన్ చేశాను. అతను అంతా విన్నాడు. తర్వాత, "అమ్మ ఎప్పుడూ ఏదీ అడగదు. ఉండి రండి" అన్నాడు.

ఖాదర్ భాయ్ ఇండికేటరు ఆపేశాడు. "పోదాం పెద్దమ్మా. చిన్న దేశం. ఒక వీధిలో తుమ్మితే ఇంకో వీధిలో వినబడుతుంది. యాడున్నా పట్టుకుందాం" అన్నాడు.

మనామా, మొదటి రోజు

దిగగానే అత్తయ్య కంగారుపడింది. ఆమెకి గుర్తున్న చోట సముద్రం ఉండాలి. ఇప్పుడక్కడ అద్దాల బ్యాంకులు. దీవి వాళ్ళు ఏళ్ళ తరబడి ఇసుక పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టారు. "ఇక్కడ పడవలు కట్టేసేవాళ్ళు" అంటూ ఒక కార్ల పార్కింగు చూపించింది. తను పనిచేసిన ఆసుపత్రిని కూడా పోల్చుకోలేకపోయింది. రిసెప్షన్‌లో అమ్మాయి ఓపికగా విని, అంత పాత వివరాలు బయటివాళ్ళకి ఇవ్వలేమంది.

ఆ సాయంత్రం పాత బజారులో తిరిగాం. గుజరాతీ సేఠ్‌ల నగల దుకాణాలు, మలయాళీ టిఫిన్ సెంటర్లు, ఒక సందులో పాత కృష్ణుడి గుడి, ఆ సందంతా మల్లెపూల వాసన. మాకు సౌదీలో అలవాటు లేని దృశ్యం. మర్నాడు శుక్రవారం, ఈ దేశాల్లో వారపు సెలవు, చర్చి ప్రార్థనలూ ఆ రోజే. ఇక్కడ చర్చి ఉందని తెలిసి అత్తయ్య హోటలువాణ్ణి రెండుసార్లు అడిగింది, ప్రార్థన ఏ వేళకని. చర్చిలు లేని రాస్ తనూరాలో ఆమె ప్రార్థన వంటగదిలో, గొంతు తగ్గించి.

టీ తాగాం. రెండు వందల ఫిల్సులు. వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు, దినారంటే మా సౌదీ లెక్కలో పది రియాళ్ళు. నేను రియాళ్ళిస్తే దుకాణదారు లెక్క కూడా వేయకుండా తీసుకున్నాడు. వారాంతం వస్తే సౌదీ కార్లన్నీ ఈ దీవిలోనే ఉంటాయట. సినిమాలకీ భోజనాలకీ వాళ్ళు పెట్టే ఖర్చు మీద ఇక్కడ చాలా దుకాణాలు నడుస్తాయి.

"వీళ్ళకి నూనె లేదక్కా" అన్నాడు ఖాదర్ భాయ్. "అంతా మన సౌదీవోళ్ళే పంపుతారు."

తర్వాత తెలిసింది, అరబ్బు తీరంలో మొదట చమురు పడింది ఈ దీవిలోనేనని. దక్షిణాన ఎడారిలో ఆ మొదటి బావి ఇంకా ఉంది, చుట్టూ కంచె కట్టి చూపిస్తారు. అయితే పడింది కొంచెమే. అందుకే బ్యాంకులు పెట్టుకున్నారు, అల్యూమినియం కరిగిస్తారు, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టి బతుకుతారు. అంతకుముందు ముత్యాలు. జపాన్ వాళ్ళు ముత్యాల్ని పెంచడం మొదలుపెట్టాక ఆ వ్యాపారం కూలిపోయింది. ఖాదర్ భాయ్ మాటలో నిజం కూడా లేకపోలేదు. సౌదీ నుంచి సముద్రం కింద గొట్టాల్లో ముడిచమురు వచ్చి ఇక్కడ శుద్ధి అవుతుంది.

నేను ఒకప్పుడు విజయవాడలో ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఏ ఊరెళ్ళినా అక్కడి పేపరు కొనకపోతే నాకు తోచదు. ఇంత చిన్న దేశానికి అరబ్బీ పత్రికలే కాక ఇంగ్లీషువీ ఉన్నాయి. మలయాళం, హిందీ వినిపించే రేడియో ఉంది. తెలుగు లేదు. మొదటి పేజీలో రాజుగారు ఎవరిని కలిశారో, యువరాజు ఏ ప్రాజెక్టు చూశారో. లోపలి పేజీల్లో అద్దెలు, గుంతలు పడ్డ రోడ్లు, ఒక పాఠశాలలో నీళ్ళు రావడం లేదని ఎంపీ అడిగిన ప్రశ్న. పేపర్లో ఏది ఉందో చూశాక ఏది లేదో వెతకడం నా పాత అలవాటు. గుంతల గురించి కోపంగా రాసే పేపరు, మొదటి పేజీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. సౌదీలో ఉంటున్నదాన్ని కనుక నాకది కొత్తగా అనిపించలేదు.

అత్తయ్య మాత్రం హోటలు గదిలో రేడియో ఉందా అని వెతికింది. లేదు. టీవీలో అరబ్బీ వార్తల చానెల్ పెట్టి, చదువుతున్న అమ్మాయి మొహం వైపు కాకుండా పెదవుల వైపు చూస్తూ కూర్చుంది.

ముహర్రక్, రెండో రోజు

చర్చి నుంచి బయటికి వచ్చేసరికి అత్తయ్య మొహం తేటగా ఉంది. బయట తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, కేరళ నర్సులు గుంపులుగా నిలబడి నవ్వుకుంటున్నారు. ఒక కేరళ నర్సుని ఆపి లతీఫా గురించి అడిగింది. ఆ అమ్మాయి తెలియదన్నట్టు తల ఊపి, "రేడియోలో అప్పట్లో ముహర్రక్ వాళ్ళు చాలామంది ఉండేవారట ఆంటీ, అక్కడ అడగండి" అంది.

ముహర్రక్ పక్కనే ఉన్న ఇంకో దీవి, చిన్న వంతెన దాటితే చాలు. ముత్యాల వర్తకుల పాత ఇళ్ళు అక్కడే ఉన్నాయి. పగడపు రాతి గోడలు, చెక్క తలుపులు, ఇద్దరు నడిస్తే భుజాలు తగిలే సందులు. ఎండ ఆ సందుల్లోకి దిగకుండా గోడల పైఅంచునే ఆగిపోతుంది. ఎక్కడి నుంచో హల్వా కాగుతున్న వాసన, కుంకుమపువ్వూ ఏలకులూ కలిసింది. మేం ఆ వాసన పట్టుకునే నడిచాం.

హల్వా దుకాణం యజమాని పేరు అబూ హమద్. నెరిసిన గడ్డం, తెల్లటి పొడుగు చొక్కా. పెద్ద రాగి బాణలి ముందు నిలబడి, తెడ్డంత గరిటెతో ఎర్రటి హల్వా తిప్పుతున్నాడు. మన జున్నులా వణుకుతుంది కానీ సాగుతుంది. అడగకముందే చెంచాతో తలా కాస్త పెట్టాడు. ఖాదర్ భాయ్‌తో ఉర్దూ మాట్లాడాడు. దీవిలో పాతవాళ్ళకి ఉర్దూ బాగానే వచ్చు.

ఖాదర్ భాయ్ మాటలు కలపడానికి రాజకీయాలు ఎత్తుకున్నాడు. ఇక్కడ ఓట్లున్నాయట, నిజమేనా అని.

"ఉన్నాయి" అన్నాడు అబూ హమద్. "రెండు సభలు. ఒకదానికి మేం ఎన్నుకుంటాం. ఇంకోదానికి రాజుగారే నియమిస్తారు. చట్టం రెండు సభలూ దాటి, చివర రాజుగారి దగ్గరికి పోవాలి. ఆడవాళ్ళు ఓటేస్తారు, నిలబడతారు. మా వాడకి నీళ్ళ గొట్టం వేయించింది మేం ఎన్నుకున్నవాడే. దానికి మించి నన్నడగకండి, హల్వా అంటుకుపోతుంది."

అప్పుడు అత్తయ్య ముందుకి వచ్చి, ఒకప్పుడు ఆసుపత్రిలో నేర్చిన, సగం మరిచిన అరబ్బీలో, లతీఫా, రేడియో, వార్తలు అని, తన గొంతు మీద వేలితో అడ్డంగా గీత గీసి చూపించింది.

అబూ హమద్ గరిటె ఆపాడు. "వార్తల లతీఫా ఎవరో నాకు తెలియదు" అన్నాడు. "గొంతు మీద మచ్చ ఉన్న లతీఫా తెలుసు. గాలి లతీఫా. పొద్దున్నే రేడియోలో పడవలకి గాలీ, సముద్రపు పోటూ పాటూ చదివేది. మా నాన్నకి వేటపడవ ఉండేది. ఆమె చదవడం అయ్యేదాకా తాడు విప్పేవాడు కాదు."

అత్తయ్య ఆయన వైపు ఒక అడుగు వేసింది. "ఉందా?" అని తెలుగులోనే అడిగింది. ఆయనకి అర్థమైంది. గరిటె పనివాడికిచ్చి, చేతులు తుడుచుకుని, మాతో పాటు సందు చివరిదాకా వచ్చి ఒక నీలం తలుపు చూపించాడు.

నీలం తలుపు లోపల

తలుపు తీసిన మనిషి పొడుగ్గా ఉంది, నల్లటి తలగుడ్డ కింద జుట్టు తెల్లగా. "ఎవరు కావాలి?" అంది.

ఆ గొంతు విని నేను వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూశాను. లోతుగా, గరుకుగా, బావిలోంచి చేద లాగుతున్నట్టు ఉంది. అత్తయ్య మొహం వాడిపోయింది. నాకు వినబడేలా మెల్లిగా, "బాగవలేదు. గొంతు రాలేదు" అంది.

అత్తయ్య తన పేరు కూడా చెప్పుకోలేదు. నేనే ఇంగ్లీషులో, ఈవిడ సుగుణ, నర్సు, ఆసుపత్రిలో మీకు పేపరు చదివించిన మనిషి అన్నాను. లతీఫా అత్తయ్య మొహంలోకి వంగి చూసింది. తర్వాత అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఎవరూ ఏడవలేదు. లతీఫా లోపలికెళ్ళి భోజనం తెచ్చింది. సేమియాలో పంచదార వేసి, పైన గుడ్డట్టు కప్పింది. మనకి వింతగా ఉంటుంది, తింటే బాగుంటుంది. పలచటి రొట్టె మీద చేపల పచ్చడి పూసింది. బాపట్ల ఆవిడకి దాన్ని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, రెండో రొట్టె అడిగి తింది.

తిన్నాక లతీఫా చెప్పింది. చక్కటి ఇంగ్లీషు, వార్తలు చదివినవాళ్ళ ఇంగ్లీషు.

"నువ్వు వెళ్ళాక నాలుగు నెలలకి మాట వచ్చింది. ఇదిగో ఈ మాట. స్టేషన్‌కి వెళ్ళాను. వాళ్ళు మర్యాదగానే చెప్పారు, ఇది వార్తల గొంతు కాదమ్మా అని. ఇంటికొచ్చి ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడలేదు."

"అయ్యో" అంది అత్తయ్య.

"విను. పడవల కోసం గాలి సమాచారం చదివే అతను మానేశాడు. తెల్లారకముందే వెళ్ళాలి, ఎవరూ ఒప్పుకోలేదు. నన్నడిగారు. ఎవరూ వినని పని కదా అనుకుని వెళ్ళాను. నెల తిరక్కుండా జాలరులు స్టేషన్‌కి వచ్చారు. ఈ గొంతుని మార్చొద్దన్నారు. ఇంజను మోతలో సన్న గొంతులు వినబడవట, నాది వినబడుతుందట. అవతలి ఒడ్డున, మీ రాస్ తనూరా వైపు కూడా వినేవాళ్ళట. రిటైరయ్యేదాకా చదివాను. ఇప్పుడు ఫోన్లు చెబుతున్నాయి."

అత్తయ్య వింటూ తన గాజులు సవరించుకుంటోంది.

"మొదటి రోజు" అంది లతీఫా, "అంతా చదివాక, కాగితంలో లేని ఒక మాట అన్నాను. సిస్టర్ సుగుణకి కృతజ్ఞతలు, అని. ఆఫీసరు పిలిచి కోప్పడ్డాడు. ప్రభుత్వ రేడియోలో కాగితంలో లేని మాట ఒక్కటి రాకూడదన్నాడు. ఆ సిస్టర్ ఎవరు, ఏ పార్టీ అని కూడా అడిగాడు."

అత్తయ్య నవ్వింది. ఈ ప్రయాణంలో ఆమె నవ్వడం అదే మొదలు.

"అప్పటికి నేను దేశంలో లేను గదా" అంది.

"తెలుసు. వార్డులో చెప్పారు. గాలిలోకి వదిలిన మాట ఎక్కడో ఒకచోట తగులుతుందనుకున్నాను."

"నేను వినలేదు" అంది అత్తయ్య. "ఒక్కసారి కూడా నువ్వు చదవగా వినలేదు."

లతీఫా కళ్ళజోడు పెట్టుకుంది. ఫోన్ తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని, వీపు నిటారుగా చేసింది. ఆ కూర్చోవడంలోనే ఆమె వయసు కొంత తగ్గింది. చదవడం మొదలుపెట్టింది. ఉత్తరం నుంచి వీచే గాలి, దాని వేగం, అలల ఎత్తు, ముహర్రక్ రేవులో పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, పొగమంచు ఎక్కడెక్కడ ఉందో. నాకు అరబ్బీ సరిగా రాదు, పదాల్లో సగం ఊహించుకున్నవే. కానీ ఆ గొంతు గదిలోంచి బయటికి, సందులోకి, ఇంకా అవతలికి వెళుతున్నట్టే అనిపించింది. ఒక్కో వరసకి ఒక్కో ఊపిరి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఖాదర్ భాయ్ చెప్పులు విడిచి లోపలికి వచ్చి కింద కూర్చున్నాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని, వరస వరసకీ తల ఊపుతోంది, వార్డులో ఊపినట్టే కాబోలు.

అయిపోయాక లతీఫా ఆగి, కాగితంలో లేని ఆ ఒక్క మాట కూడా అంది.

తిరుగు దారి

మూడో రోజు పొద్దున బయలుదేరుతుంటే లతీఫా హోటలుకి వచ్చి చేపల పచ్చడి సీసా ఇచ్చింది. మూత సరిగా బిగించలేదో, ఖాదర్ భాయ్ మలుపు జోరుగా తిప్పాడో, వంతెన ఎక్కేసరికి సీసాలో సగం సీటు కిందికి పోయింది. అద్దాలన్నీ దించినా లాభం లేకపోయింది. సౌదీ వైపు కస్టమ్స్ అతను తనిఖీకి తలుపు తీసి, వెంటనే మూసి, పొండి పొండి అని చెయ్యి ఊపాడు.

"సముద్రం మాత్రం ఇద్దరిదీ ఒకటే పెద్దమ్మా" అన్నాడు ఖాదర్ భాయ్, ముక్కు మూసుకునే.

బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థం. ఉప్పు సముద్రం అడుగున తీపి నీటి ఊటలు ఉండేవట. ముత్యాలకి మునిగేవాళ్ళు తోలుసంచులు పట్టుకుని అడుగుకి వెళ్ళి మంచినీళ్ళు నింపుకొచ్చేవారట. ఈ సంగతి లతీఫా చెప్పింది కాబట్టి రాస్తున్నాను. ఖాదర్ భాయ్ చెప్పి ఉంటే ఒకసారి సరిచూసుకునేదాన్ని.

రాస్ తనూరా చేరేసరికి మంచు లేదు. రిఫైనరీ గొట్టాలు వరసగా, మామూలుగా నిలబడి ఉన్నాయి. సుధీర్ వాకిట్లోకి వచ్చి, "కనిపించిందా అమ్మా?" అన్నాడు.

"చదువుతోంది" అంది అత్తయ్య. చీరల సంచి పట్టుకుని లోపలికి వెళ్ళింది. మిగతాది నేను చెప్పాను.

ఏప్రిల్లో ఆమె బాపట్ల వెళ్ళిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే లతీఫా ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుతుంది, గాలీ అలలూ. అత్తయ్య విని జవాబు పంపుతుంది. అది ఒకసారి నాకూ వినిపించింది. "తూరుపు గాలి. సూర్యలంక దగ్గర అల కొంచెం లేచింది. నిన్న వాన పడింది. మా పెరట్లో కరివేపాకు బాగా చిగురు వేసింది" అని, ఆగి ఆగి, ఒక్కో ఊపిరికి ఒక్కో వరస, పూర్తిగా తెలుగులో.

"ఆవిడకి ఒక్క ముక్కైనా అర్థమవుతుందా అత్తయ్యా?" అన్నాను.

"కాదు" అంది. "అయిపోయేదాకా వింటుందట."